పెరుగన్నం దాకా మెట్లు: ఇంటి సరుకుతో స్పర్శ ఆటలు, ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు కిరాణా కొట్లో, సంతలో దొరికే సరుకుతో చేసిన ఆట సామాను వివరాలివి. ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ వేరువేరు లక్ష్యాలు. లక్ష్యం థెరపిస్టు చెప్పింది, సామాను ఇంట్లోది. ఏది పని చేయలేదో, ఎందుకు చేయలేదో కాస్త ఎక్కువే రాశాం, చూసి చేసుకునేవాళ్లకు ఆ భాగమే ఎక్కువ పనికొస్తుంది.

లక్ష్యాలు ఇవీ:

1. నాలుగేళ్ల బాబు. చేతికి ఏది అంటినా ఏడుపు. లక్ష్యం: పెరుగన్నం తన చేత్తో కలుపుకొని ఐదు ముద్దలు తినడం.
2. ఐదేళ్ల పాప. దేన్నయినా గుప్పిటతోనే పడుతుంది, బొటనవేలు చూపుడువేలు కలవవు. లక్ష్యం: గౌను ముందు గుండీలు మూడు తనే పెట్టుకోవడం.
3. ఆరేళ్ల బాబు, బరువు 18 కిలోలు. కంచం ముందు నిలవడు. లక్ష్యం: పది నిమిషాలు లేవకుండా కూర్చొని తినడం.

మూడూ ఇంట్లో రోజూ జరిగే పనులే. “స్పర్శ మెరుగుపడాలి”, “చేతి పటుత్వం రావాలి” అని కాగితం మీద రాసుకుంటే ఆట ఎప్పుడు మార్చాలో ఎప్పుడు ఆపాలో తేలదు. డీఈఐసీలో (జిల్లా ముందస్తు చికిత్స కేంద్రం) గానీ ప్రైవేటు క్లినిక్‌లో గానీ థెరపిస్టును అడగాల్సిన మొదటి మాట ఇది: “ఇంట్లో ఏ పని చేయగలిగితే ఇది కుదిరినట్టు?” రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవాళ్లను డీఈఐసీకి పంపుతారు, సేవలు ఉచితం. ఇంకా చూపించుకోనివాళ్లు ముందు ఆ పని చేయాలి. ఈ డైరీ థెరపీకి బదులు కాదు.

సున్నా దశ: కొలత కాగితం

సామాను కొనకముందే కాగితం కావాలి. మొదటి బాబుకు వాడిన మెట్లు:

0: ముఖం తిప్పుకుంటాడు, లేచిపోతాడు
1: పక్కన కూర్చుంటాడు
2: గరిటెతో కదుపుతాడు
3: ఒక వేలి కొనతో తాకుతాడు
4: అయిదు వేళ్ల కొనలు పెడతాడు
5: అరచేయి ఆనిస్తాడు
6: పిసుకుతాడు
7: చేతికి అంటినా పది సెకన్లు తుడుచుకోకుండా ఉంటాడు
8: ఆ చేతిని నోటిదాకా తెస్తాడు

పూటకు మూడే అంకెలు రాయాలి: ఎక్కిన మెట్టు, ఎన్ని సెకన్లు నిలిచాడు, ఎన్నిసార్లు చేయి తుడుచుకున్నాడు. ఒక్క పూట చూసి ఏదీ నిర్ణయించకూడదు. వరసగా మూడు పూటల అంకెల్లో మధ్యది తీసుకోవాలి. వేళ మారకూడదు. మధ్యాహ్న భోజనానికి గంట ముందు సరిపోయింది. ఆకలి ముదిరాక కూర్చోబెడితే అంకెలు పడిపోతాయి, దానికి ఆటను తప్పు పట్టడం అన్యాయం.

ఈ కాగితానికి వెనక ఒక కారణముంది. స్పర్శ, కదలిక లాంటివి ఆటలతో అలవాటు చేసే ఇలాంటి పనికి మూలం ఇంద్రియాల సమన్వయం (సెన్సరీ ఇంటిగ్రేషన్) అనే పద్ధతి. దానికి రూపం ఇచ్చింది ఎ. జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్సకురాలు). ఆ తరహా చికిత్సలకు ఆధారాలు పరిమితమని 2012లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పింది. వాడేటట్టయితే లక్ష్యం పెట్టుకొని, గడువు పెట్టుకొని, పని చేస్తోందో లేదో తల్లిదండ్రులే చూసుకునేలా నేర్పమంది. ఇక్కడ గడువు ఆరు వారాలు. ఆ లోపల మధ్య అంకె ఒక్క మెట్టు కూడా కదలకపోతే సామాను పక్కన పెట్టి థెరపిస్టును అడగాలి, ఇంకో టబ్బు కొనకూడదు.

ఆపాల్సిన గుర్తులు: ఓకరింపు, గుప్పిట బిగించడం, ముఖం పాలిపోవడం, ఊపిరి బిగపట్టడం. వీటిలో ఏది కనబడినా ఒక మెట్టు కిందికి దిగాలి. పిల్లాడి చెయ్యి పట్టుకొని బలవంతంగా ముంచడం ఏ దశలోనూ లేదు. అలా ముంచితే ఆ పూటకు అంకె పెరుగుతుంది, మర్నాటికి పిల్లాడు గిన్నె కనబడితేనే పారిపోతాడు.

ఖర్చు: రూ. 0

మొదటి దశ: రంగు నూకల టబ్బు (పక్కన పెట్టేశాం)

అందరూ మొదలుపెట్టేది దీంతోనే కాబట్టి వివరంగా రాస్తున్నాం.

చేసిన విధం:

1. నూకలు 4 కిలోలు, కిలో చొప్పున నాలుగు కవర్లు.
2. ఒక్కో కవర్లో 4 చెంచాల వెనిగర్, 10 చుక్కల ఫుడ్ కలర్. మూతి బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపడం.
3. పాత దుప్పటి మీద పలచగా పరిచి నీడలో ఆరబెట్టడం. ఎండ కాస్తే పూట చాలు, ముసురు పడితే రెండు రోజులు.
4. 45 × 30 సెం.మీ. ప్లాస్టిక్ టబ్బులో పోయడం.

వచ్చిన చిక్కులు:

లోతు చాలలేదు. 4 కిలోల నూకలు ఆ టబ్బులో మూడున్నర సెం.మీ. ఎత్తే వచ్చాయి. మణికట్టు దాకా చేయి మునగాలంటే 8 సెం.మీ. కావాలి, ఆ టబ్బుకైతే తొమ్మిది కిలోలు పోయాలి. నూకలు పెంచకుండా టబ్బు మార్చాం: 28 సెం.మీ. వ్యాసమున్న సత్తు తపేలా. అవే 4 కిలోలు ఏడున్నర సెం.మీ. పైకి వచ్చాయి. ఒలికిపోవడం కూడా తగ్గింది.

పురుగు. వానాకాలం ఇక్కడి గాలి తేమకు మూత పెట్టిన నూకల్లోనూ ముక్కు పురుగు పట్టింది. ఇళ్లలో నిలవ బియ్యంలో ఎండుమిరపకాయలు వేసే అలవాటుంది. ఆట గిన్నెలో అది పనికిరాదు, ఆ చెయ్యి కంట్లోకి పోతుంది. వారానికోసారి ఎండలో పోసి జల్లించడమే మార్గం.

కాళ్లు. పాదాలకు కూడా ఇదే వాడదామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, తిండిగింజను కాలితో తొక్కనివ్వరు. వాదించాల్సిన పని లేదు, పాదాలకు వేరే సామాను ఉంది, ఆరో దశలో వస్తుంది.

అసలు వైఫల్యం ఇవేవీ కావు. నూకల గిన్నెలో బాబు ఆరో మెట్టు దాకా వెళ్లాడు, గుప్పిళ్లతో పోసుకున్నాడు. పెరుగన్నం దగ్గర మాత్రం సున్నాలోనే ఉన్నాడు. కారణం చూస్తే తేలికే. పొడి గింజ చేతిలోంచి జారిపోతుంది, ఏమీ మిగలదు. వాడికి ఇబ్బంది పెట్టేది అంటుకొని ఉండిపోయే తడి. రంగు నూకలు అందంగా ఉంటాయి, ఫోటోలో బాగా పడతాయి, ఈ లక్ష్యానికి వాటితో సంబంధం లేదు.

ఖర్చు: టబ్బు 220, నూకలు 120, రంగు 50, వెనిగర్ 30. ఇప్పటిదాకా: రూ. 420. ఇందులో 200 వృథా. రంగు వేసిన నూకలు కోళ్లకు పోయాయి.

రెండో దశ: పొడి నుంచి తడికి మెట్లు

కంచంలోని పెరుగన్నం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. ఇవి సామాను మెట్లు, కొలత కాగితం మెట్లు వేరు. ఒక్కో మెట్టులో ఒక్క గుణమే మారాలి. అన్నీ తినేవే, నోట్లోకి వెళ్తే భయం లేకుండా.

1. మరమరాలు: పొడి, తేలిక, అంటవు.
2. అటుకులు: పొడి, పలచన, చిన్న పొట్టు అంటుతుంది.
3. నీళ్లు చిలకరించిన అటుకులు: 100 గ్రాములకు 2 చెంచాలు. చెమ్మగా ఉంటాయి, విడివిడిగానే ఉంటాయి.
4. నానిన అటుకులు: 100 గ్రాములకు 100 మి.లీ. మెత్తన, కొద్దిగా అంటుతాయి.
5. ఉడికించి కడిగిన సగ్గుబియ్యం: జారుడు.
6. పొడిపొడి అన్నం.
7. పప్పన్నం.
8. పెరుగన్నం: ముందు గట్టి పెరుగుతో, తర్వాత పలచగా.

సగ్గుబియ్యం చేసేటప్పుడు: 100 గ్రాములు నాలుగు గంటలు నానబెట్టి, మరుగుతున్న లీటరు నీళ్లలో 10–12 నిమిషాలు. గింజ మధ్యలో చిన్న తెల్లచుక్క మిగిలి ఉండగానే దించి, చల్లటి నీళ్లతో రెండుసార్లు కడిగి, చెంచాడు నూనె పట్టించాలి. కడగకపోతే పైన ఉన్న గంజి బిగుసుకుని ముద్దయిపోతుంది. అలా ముద్దయినది పారేయలేదు. అది బాగా అంటుతుంది కాబట్టి ఏడో మెట్టుకూ ఎనిమిదో మెట్టుకూ మధ్య వాడుకోవచ్చు. పచ్చి సగ్గుబియ్యం మాత్రం ఆటకు ఇవ్వకూడదు. ముక్కులోకో చెవిలోకో పోతే తడికి ఉబ్బుతుంది. శనగలు, బఠానీలకూ ఇదే మాట.

జాతర్లలో, ఫ్యాన్సీ కొట్లలో నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు అమ్ముతారు. ఈ మెట్టులో సరిగ్గా అవే వాడమని సలహాలు కనబడతాయి. వద్దు. మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, మామూలు ఎక్స్‌రేలో కనబడవు. వాటి మీద అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2023లో హెచ్చరిక ఇచ్చింది. ఉడికిన సగ్గుబియ్యం అదే జారుడు ఇస్తుంది, మింగినా తిండే.

ఈ దశలో అంకెలను కదిలించిన మార్పులు నాలుగు. ప్రభావం ఎక్కువున్నది ముందు.

పక్కన తడిగుడ్డ. గిన్నెకు కుడివైపు తడిపి పిండిన గుడ్డ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చు. గుడ్డ ఇస్తే తాకడం మానేస్తాడేమోనన్న అనుమానం ఉంటుంది. జరిగింది దానికి తిరుగు: తుడుచుకోవడం తన చేతిలో ఉన్న పని అని తెలిశాక ఎక్కువసార్లు తాకాడు. మొదట్లో ప్రతి తాకుడుకీ ఒక తుడుపు, తర్వాత నాలుగైదింటికి ఒకటి. తుడుచుకునే సార్లు తగ్గడమే ఇక్కడ చూడాల్సిన అంకె, మెట్టు కంటే అదే ముందు కదిలింది.

ముందుగా గట్టి పని. గిన్నె ముందు కూర్చోబెట్టే ముందు అయిదు నిమిషాలు చేతులకు బరువు పని: లీటరు నీళ్ల సీసాలు రెండు వంటింటి నుంచి వరండాకు మోయడం, చపాతీ పిండి అరచేత్తో నొక్కడం. తేలికగా తగిలే స్పర్శ ఇలాంటి పిల్లలకు ఎక్కువ చిరాకు, గట్టి ఒత్తిడి తక్కువ చిరాకు. అందుకే గిన్నెలో కూడా వేలి కొనతో కాకుండా గరిటె వెనకభాగంతో నొక్కడం నుంచి మొదలుపెట్టాం.

వేడి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుతో కొలత కాగితంలో నాలుగో మెట్టు కూడా రాలేదు. గది వేడిమికి వచ్చిన పెరుగు, గోరువెచ్చని అన్నం వాడాక ఆ తేడా పోయింది. తడి, చల్లదనం రెండూ ఒకేసారి మార్చడం పొరపాటు లెక్క.

సైగలు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, థెరపిస్టు దగ్గర రెండూ కలిపి. మాటలు తక్కువున్న పిల్లాడికి “ఇంకా”, “చాలు” అన్న రెండింటికీ ఒక్కో చేతి సైగ పెట్టుకుని మూడు చోట్లా అవే వాడమన్నాం. “చాలు” అని సైగ చేయగానే గిన్నె తీసేయాలి, “ఇంకొక్కసారి” అని బేరమాడకూడదు. మాట నిలబడుతుందని తెలిస్తేనే మర్నాడు కూర్చుంటాడు.

ఖర్చు: మరమరాలు 45, అటుకులు 35, సగ్గుబియ్యం 45. ఇప్పటిదాకా: రూ. 545.

మూడో దశ: పిండి ముద్ద

రెండో లక్ష్యానికి, అంటే గుండీలకు. ముందు అందరూ చెప్పే ఉప్పు పిండి చేశాం: మైదా 250 గ్రాములు, ఉప్పు 150, నీళ్లు 200 మి.లీ., నూనె 20. ముద్ద బాగానే వచ్చింది, నెల నిలవ ఉంటుంది. లెక్క వేస్తే భయమేసింది. మొత్తం 620 గ్రాముల్లో 150 ఉప్పు, అంటే గోలీకాయంత 10 గ్రాముల ముద్దలో 2.4 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు గోలీలు మింగిన పిల్లకు ఆ కోటా అక్కడికక్కడే అయిపోతుంది. ఎక్కువ మింగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలున్న ఇంట్లో ఉప్పు పిండి వద్దు. వెలిగారంతో చేసే సాగుడు జిగురు (స్లైమ్) అసలే వద్దు.

బదులుగా బియ్యపుపిండి:

1. 250 మి.లీ. నీళ్లు చెంచాడు నూనెతో బాగా మరగనివ్వాలి.
2. 200 గ్రాముల మెత్తటి బియ్యపుపిండి ఒక్కసారే పోసి, మంట ఆపి, గరిటెతో కలిపి, మూత పెట్టి పది నిమిషాలు వదలాలి.
3. చేయి పట్టేంత చల్లారాక తడిచేత్తో అయిదు నిమిషాలు మర్దించాలి.

చన్నీళ్లతో కలిపితే ముద్ద నిలవదు, పగిలి పొడిగా రాలిపోతుంది. బియ్యపుపిండిలో గోధుమకుండే సాగుడు లేదు, వేడికి ఉడికిన గంజే దాన్ని పట్టి ఉంచుతుంది. పాత పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, అప్పుడు చెంచా చెంచాగా కలపాలి. ఈ ముద్ద ఉడికిన అన్నంతో సమానం, ఇక్కడి వేడికి మర్నాటికి పులుస్తుంది. ఏ పూటది ఆ పూటే. మిగిలింది ఆవుకు పెట్టేయొచ్చు.

గట్టిదనం నీళ్లతో మార్చుకోవచ్చు: 250 మి.లీ. మెత్తన, 230 మధ్యరకం, 210 గట్టి. 210 కంటే తగ్గిస్తే అంచులు పగులుతాయి. సగం బియ్యపుపిండి, సగం చోడిపిండి (రాగిపిండి) కలిపితే కొద్దిగా గరుకుగా వస్తుంది, అంటడం తగ్గుతుంది. పొడి పిండిని చల్లుకుంటూ ఆడించకూడదు, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. టాల్కం పౌడరు కూడా అందుకే వద్దు.

గుండీకి కావాల్సింది పిసకడం కాదు, వేలి కొనలతో గిల్లి లాగడం. మొదట ముద్ద ఇచ్చి వదిలేస్తే పాప అరచేతులతో చరిచి ఆడుకుంది, గుప్పిట పట్టు అలాగే ఉంది. మార్చిన విధం:

1. ముద్దను వేలంత లావు తాడులా చేసి బల్లకు అతికించడం.
2. దాంట్లోంచి శనగగింజంత ముక్కలు గిల్లి గిన్నెలో వేయడం. పది ముక్కలు ఒక వరస.
3. ఉంగరం వేలు, చిటికెన వేలు మడిచి ఉంచడానికి ఆ రెండు వేళ్ల కింద చిన్న గుడ్డ ముక్క పట్టించడం. ఇది పెట్టాకే బొటనవేలు చూపుడువేలు కలవడం మొదలైంది.
4. ముక్కలు గిల్లడం కుదిరాక, పాత మందపాటి చొక్కాకు 25 మి.మీ. గుండీలు కుట్టి, బల్ల మీద పరిచి పెట్టించడం. తర్వాత 18, చివరికి 12.
5. చొక్కా ఒంటి మీద వేసుకుని పెట్టడం వేరే పని, కళ్లకు గుండీ సరిగ్గా కనబడదు. కింది గుండీ నుంచి మొదలుపెట్టించాలి, మెడ దగ్గరది ఆఖరు.

వేళ్ల వెనక భుజం, మణికట్టు బలం కూడా ఉండాలి. తిరగలి ఉన్న ఇంట్లో దాన్ని వాడుకోండి: గుప్పెడు చోళ్లు వేసి ఒక చేత్తో పిడి తిప్పడం, రెండో చేత్తో గింజ పోయడం. రెండు చేతులు రెండు పనులు చేయాలి, చేయి ఒంటి నడిమి గీత దాటి రెండో పక్కకు వెళ్లాలి. థెరపీ గదిలో దీనికోసం వేరే బొమ్మలు పెడతారు. పై రాయి పెద్దవాళ్లే ఎత్తాలి, రాళ్ల మధ్య వేలు నలుగుతుంది.

ఖర్చు: బియ్యపుపిండి 50, చోడిపిండి 30, పారేసిన మైదా ఉప్పు 35. ఇప్పటిదాకా: రూ. 660. వృథా: 235.

నాలుగో దశ: గింజల జల్లెడ, అంటే పైపు ముక్క

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల పరీక్షలో 31.7 మి.మీ. వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పట్టేసిన వస్తువు గొంతులో అడ్డం పడగలదు. ప్లంబింగ్ కొట్లో 40 మి.మీ. పీవీసీ పైపు ముక్క అడిగితే లోపలి వ్యాసం 36 చుట్టూ ఉంటుంది. అసలు పరీక్ష కంటే కాస్త కఠినం, అదే మంచిది. అందులోంచి జారినదేదీ నోట్లో పెట్టుకునే పిల్లల గిన్నెలో ఉండకూడదు. వయసు లెక్క కాదు, అలవాటు లెక్క. ఏడేళ్లొచ్చినా నోట్లో పెట్టుకుంటే ఇదే నియమం.

చింతపిక్కలు, గవ్వలు, జీడిపిక్కలు, గోళీలు అన్నీ జారిపోతాయి. నిలిచినవి: తాటిటెంక, ఎండిన మొక్కజొన్న కండె, సగం కొబ్బరిచిప్ప (అంచు గరుకు కాగితంతో రుద్దాలి), బీరపీచు. వేరుశనగ గింజ తిండే అయినా ఊపిరితిత్తుల్లోకి జారే వాటిలో ముందు వరసది, ఆట గిన్నెలోకి రాకూడదు.

పైపుతో సంబంధం లేకుండా, ఏ వయసుకైనా నిషేధం: గురివింద గింజలు, ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు. ఎర్రగా నల్లమచ్చతో గురివింద ఎంత ముచ్చటగా ఉన్నా, పెంకు పగిలితే లోపల ఉన్నది ప్రాణం తీసే విషం. దండకోసం కన్నం పొడిచిన గింజకు పెంకు ముందే పగిలి ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. కొన్ని ఇళ్లలో, వైకుంఠపాళీ డబ్బాల్లో ఇవి ఇంకా కనబడతాయి, వెతికి తీసేయండి. సంగీతం వచ్చే బొమ్మల్లో ఉండే బొత్తం బ్యాటరీలు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి.

మట్టి, సుద్ద, పచ్చి బియ్యం అదేపనిగా తినే పిల్లలకు ముందు రక్తపరీక్ష చేయించాలి. ఐరన్ లోపంతో కూడా ఆ అలవాటు వస్తుంది. ఆటతో అది పోదు.

ఖర్చు: పైపు 20. ఇప్పటిదాకా: రూ. 680.

ఐదో దశ: ఒడి బరువు సంచి

మూడో లక్ష్యానికి. నిలకడగా కూర్చోవడానికి ఒడిలో పెట్టే బరువు ఒంటి బరువులో 5 శాతం ఉండాలన్నది థెరపిస్టుల వాడుక లెక్క, గట్టి రుజువున్న అంకె కాదు. 18 కిలోలకు 900 గ్రాములు. గుడ్డ 140, నింపేది 760.

మొదటి సంచి: 40 × 20 సెం.మీ., లోపల గదులు లేవు, చింతపిక్కలు. కూర్చోగానే బరువంతా ఒక పక్కకు జారింది. పిక్కలు గలగలమని, బాబు ధ్యాసంతా ఆ చప్పుడు మీదే. నెల తిరక్కుండా పిక్కల్లో పురుగు పట్టి పొడి రాలింది.

రెండో సంచి: ఎనిమిది గదులు, వంశధార ఇసుక. కుట్టు సందుల్లోంచి సన్నటి ఇసుక కారింది, ఉతకడానికి లేదు, వానాకాలం చెమ్మ లాగి బరువు పెరిగింది.

నిలిచిన సంచి:

1. 5–8 మి.మీ. ఏటి గులకరాళ్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, రెండెండలు ఆరబెట్టాలి.
2. 95 గ్రాముల చొప్పున ఎనిమిది జిప్ కవర్లు, గాలి నొక్కి మూయాలి. కిరాణా కాటా 5 గ్రాముల మెట్టుతో చూపిస్తుంది, అది చాలు.
3. మందపాటి గుడ్డకు 10 × 10 సెం.మీ. గదులు ఎనిమిది, ప్రతి కుట్టూ రెండుసార్లు.
4. ఒక పొడుగు అంచు కుట్టకుండా బొందెలు పెట్టాలి, కవర్లు తీసి గుడ్డ ఉతుక్కోవచ్చు.

వాడకం: ఒడిలోనే, మెలకువగా ఉన్నప్పుడే, 15 నిమిషాలకు మించకుండా. పిల్లాడు తనంతట తాను తోసేయగలగాలి. నిద్రలో గానీ, మెడ మీద, ఛాతీ మీద గానీ పెట్టకూడదు. కవరు చిరిగితే లోపలివన్నీ పైపులోంచి జారే రాళ్లే కాబట్టి వారం వారం కుట్లు చూడాలి.

ఇంత చేశాక తేలిందేమిటంటే, సంచి ఒక్కటే పెట్టిన పూటలకూ, పెట్టని పూటలకూ కూర్చున్న నిమిషాల్లో తేడా లేదు. తేడా తెచ్చింది ఆసనం. బాబు కుర్చీలో కాళ్లు వేలాడేస్తున్నాడు, పాదాలకు ఆనిక లేనప్పుడు నడుము నిలబెట్టుకోవడానికే పిల్లాడికి సగం ఓపిక పోతుంది. పాదాల కింద రెండు ఇటుకల మీద చెక్క పెట్టి, మోకాలు లంబకోణంలో ఉండేలా ఎత్తు సరిచేశాక నిమిషాలు పెరిగాయి. నేల మీద తినే ఇంట్లో గోడకు వీపు ఆనించి, 6–8 సెం.మీ. ఎత్తు పీట మీద కూర్చోబెడితే అంతే ఫలితం. సంచి కుట్టకముందే పీట చూసుకోండి. వంద రూపాయలు మిగులుతాయి.

ఖర్చు: గుడ్డ 60, దారం 10, కవర్లు 30. ఇప్పటిదాకా: రూ. 780.

ఆరో దశ: పాదాల దారి

30 × 30 సెం.మీ. ప్లైవుడ్ ముక్కలు నాలుగు: గోనె, చుట్టగా తిప్పిన కొబ్బరి తాడు, విప్పి పరిచిన బీరపీచు, ఈతాకు చాప. తొక్కేది తిండిగింజ కాదు కాబట్టి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. జిగురుతో అంటించినవి మొదటి వానకే లేచాయి. అంచులకు మేకుల్లేకుండా, చెక్కకు కన్నాలు వేసి సుతిలి తాడుతో కుట్టాం. కొత్త కొబ్బరి తాడు గుచ్చుకుంటుంది, రాత్రంతా నానబెట్టి బండ మీద బాది ఆరబెడితే మెత్తబడుతుంది. వడ్ల ఊక నింపిన ట్రే పెట్టాలనుకుంటే మానుకోండి, ఒళ్లు దురద.

ఉయ్యాల జోలికి ఇక్కడ వెళ్లలేదు. స్లాబు కొక్కెం ఎంత ఊపు తట్టుకుంటుందో ఇంట్లో కొలిచే వీల్లేదు. ఫిట్స్ వచ్చే పిల్లలకు, మెడ ఎముకల బలహీనత ఉండగల డౌన్ సిండ్రోమ్ పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఊపు ఆటలు పెట్టకూడదు.

ఖర్చు: ప్లైవుడ్ 150, గోనె 20, తాడు 40, చాప ముక్క 30. ఇప్పటిదాకా: రూ. 1,020.

ఇప్పటి స్థితి

మొదటి బాబు పప్పన్నంలో ఏడో మెట్టు, గట్టి పెరుగుతో కలిపిన అన్నంలో అయిదు. పలచటి పెరుగు ఇంకా మొదలుపెట్టలేదు. ఓకరింపు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పుల్లటి పెరుగుకే. అందుకని తోడుపెట్టిన నాలుగైదు గంటల్లోపు పెరుగే వాడుతున్నాం, పులుపు వేరే మెట్టుగా తర్వాత వస్తుంది.

పాప బల్ల మీద చొక్కాకు 18 మి.మీ. గుండీలు మూడూ పెడుతోంది. ఒంటి మీద కింది గుండీ ఒకటి.

మూడో బాబు పీట మీద ఏడెనిమిది నిమిషాలు. ఒడి సంచి వాడడం ఆపేశాం. రాళ్లు కవర్లలోంచి తీసి, మొక్కల కుండీల్లో వేశాం.

తర్వాత చేయాల్సినవి: గట్టి పెరుగులో అంకె ఏడు దాటాక 100 గ్రాముల అన్నానికి 50 మి.లీ. పెరుగు నుంచి 10 మి.లీ. చొప్పున పెంచడం, పాపకు కాజాలు బిగుతుగా ఉన్న చొక్కాకు బదులు వాడి వదులైన కాజాల చొక్కా, పీట ఎత్తు 8 నుంచి 10 సెం.మీ.కి మార్చి వారం రోజులు నిమిషాలు రాయడం.